భాష మెట్లకి వీసా తాళం

భాషలు నేర్చుకునేవాళ్లందరికీ ఒకే కొలమానం ఉండాలన్న ఆలోచన మంచిదే. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన ఉమ్మడి భాషా ప్రమాణాల ఉద్దేశం అదే. ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు. ఒక మనిషికి వచ్చిన భాషలన్నీ వేరువేరు గదుల్లో ఉండవనీ, కలగలిసి పనిచేస్తాయనీ ఆ పత్రమే చెప్పింది. దానితో నాకు పేచీ లేదు. ఆ మెట్లకి తాళం వేసిన ప్రభుత్వాలతోనే పేచీ.

భర్త దగ్గరికి వెళ్లే భార్య వీసాకి ముందే ఎ1 స్థాయి చూపించాలని 2007లో జర్మనీ, 2010లో బ్రిటన్ షరతు పెట్టాయి. చట్టం 'జీవిత భాగస్వామి' అనే అంటుంది. అలా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఎవరో మనకి తెలీదా? పైగా జర్మనీలో అమెరికా, జపాన్ పౌరుల భార్యాభర్తలకి మినహాయింపు. హైదరాబాదు నుంచి బ్లూ కార్డు మీద వెళ్లిన ఇంజనీరు భార్యకీ మినహాయింపే. అక్కడి భారతీయ హోటల్లో వంట చేయడానికి వెళ్లినతని భార్య మాత్రం పరీక్ష రాయాల్సిందే. ఇంతకీ కొలుస్తున్నది భాషనా, పాస్‌పోర్టునా, మొగుడి ఉద్యోగాన్నా?

బలవంతపు పెళ్లిళ్లు ఆపడానికే ఈ షరతు అన్నారు. బలవంతంగా పెళ్లయిన స్త్రీకి పరీక్ష ఫీజు కట్టేదెవరు? ఆ మొగుడో, అత్తవారో కదా! భాష ఆమెకి బలం కావాలంటే ముందు రానివ్వాలి, వచ్చాక నేర్పాలి. చదువురాని ఒక టర్కీ స్త్రీ కేసులో 2014లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఈ షరతుని తప్పుపట్టింది. దానికి ఆధారం టర్కీతో ఉన్న పాత ఒప్పందం. అలాంటి ఒప్పందం లేని దేశాల స్త్రీలకి ఆ తీర్పు అక్కరకు రాలేదు.

ఇంట్లో లంబాడీ, బజార్లో తెలుగు, పనిచేసే ఇంట్లో ఉర్దూ మాట్లాడే స్త్రీకి ఈ లెక్కలో ఎన్ని మార్కులు? సున్నా. 2020 అనుబంధ సంపుటిలో బహుభాషా సామర్థ్యానికీ, ఒకరి మాట మరొకరికి అందించే నేర్పుకీ కొలతలు చేర్చారు. తరతరాలుగా స్త్రీలు జీతం లేకుండా చేస్తున్న పని అది. వీసా పరీక్ష ఆ పేజీలే తెరవదు.

సాంస్కృతిక అవగాహన అంటే రెండువైపులా నేర్చుకోవడం. ఒకవైపు వాళ్లే పరీక్ష రాస్తూ, రెండోవైపు వాళ్లే మార్కులు వేస్తుంటే దాన్ని పెత్తనం అంటారు. ఈ ప్రమాణాల్ని తరగతి గదిలో ఉంచండి. కాపురానికి వెళ్లే మనిషి దరఖాస్తులోంచి తీసెయ్యండి.