గుడ్డకు చిక్కని మురికి

మాండవి గల కిన్వట్ తాలూకా 1956లో ఆదిలాబాదు జిల్లా నుండి నాందేడు జిల్లాకు మారినది. సరిహద్దు మారినను అచ్చటి మన మాట మారలేదు, మన కష్టమును మారలేదు. ఆ వైపున నూలుకు రంగు వేయు ఒక షెడ్డువారు, వాడిన నీటిని శుభ్రపరచుటకై ఎక్కువ ధర పెట్టి ఫిల్టరు కొన్నారు. నెల తిరుగకముందే, “ఎర్రగా పోయిన నీరు ఎర్రగానే వచ్చుచున్నది” అని మాతో మొరపెట్టుకొన్నారు. ఫిల్టరు చెడిపోలేదు. ఆ పనికి అది తగినది కాదు, అంతే.

ఆపవలసిన మురికి ఏదో తెలియనిదే ఫిల్టరు కొనరాదని మా అభిప్రాయము. నూలు పీచు, గంజి తునకలు, మట్టి నీటిలో కలిసియుండునే గాని కరగవు. వాటికి జల్లెడ, వడపోత సంచి, ఇసుక తొట్టి చాలును. కరిగిన రంగు సంగతి వేరు. చక్కెర నీటిని ఎన్ని మడతల గుడ్డలో వడకట్టినను తీపి పోవునా? కొన్ని రంగులు పటిక, సున్నము వేసినచో ముద్దకట్టును. అప్పుడు గుడ్డ వాటిని పట్టును. మిగిలిన రంగుకు శుద్ధిచేసిన బొగ్గు కావలెను. అద్దకములో వేసిన ఉప్పును బొగ్గు కూడ ఆపదు. దానికి రివర్స్ ఆస్మాసిస్ పొర అవసరము. ముందుగా మడ్డి తీయనిచో ఆ పొర త్వరలో పూడిపోవును. చివరకు మిగులు చిక్కని ఉప్పునీటికి దారి కూడ ముందే చూచుకొనవలెను.

వడపోత గుడ్డ విషయమున మనము ఎవరికిని తీసిపోము. సాదా నేత సన్నని రేణువును బాగుగా ఆపును. సాటిన్ నేత నుండి ముద్ద సులువుగా ఊడును. ట్విల్ ఈ రెంటికి నడిమిది. వేడి క్షారపు నీటిలో పాలియెస్టరు నిలువదు, పాలీప్రొపిలీను నిలుచును.

కొనకముందు ఒక సీసాలో షెడ్డు నీరు పట్టి రాత్రంతా కదపక ఉంచుడు. అడుగున మడ్డి చేరునేమో చూడుడు. పై నీటిని దట్టమైన గుడ్డలో వడకట్టుడు. రంగు దిగివచ్చినచో గుడ్డ ఒక్కటే చాలదని తెలియును. అమ్మువానిని మీ నీటితోనే చేసి చూపుమనుడు.

2011 జనవరిలో, నొయ్యల్ నది కలుషితమైన కారణమున, మద్రాసు హైకోర్టు తిరుప్పూరు అద్దకపు యూనిట్లను మూయుమన్నది. అటువంటి రోజు మనకు రాకూడదు. షెడ్డు ప్రక్క బావినీరు త్రాగువారు మన పిల్లలే. ఒక్కొక్క షెడ్డుకు నీటి పరీక్ష ఖర్చు భారమైనచో, సంఘములు కలిసి చేయించవలెనని మా మనవి.