పాటకు ఎంత పాలిషు?

ఒకప్పుడు మన కృష్ణామండలమున ఎవరైన తమ పాటను రికార్డు చేయించుకొనవలెనన్న మదరాసునకు పయనము కావలసియుండెను. అచ్చట కంపెనీవారి అనుగ్రహమును సంపాదింపవలెను. వారు కోరిన పాటను, వారు కోరినంతసేపే పాడవలెను. నేడా యవస్థ తొలగినది. బెజవాడ సత్యనారాయణపురమున ఒక యింటి పడకగది, గుడివాడలో ఒక అంగడివెనుక సామానుగది, దివిసీమలో ఒక పెంకుటింటి వసారా - ఇవియే నేటి స్టూడియోలు. చేతిఫోనొకటి, కంప్యూటరొకటి, కొలదివేల రూపాయల మైకొకటి యున్న చాలును. హారతిపాట, భజనకీర్తన, నాటకపద్యము, ఊడ్పుపాట, కుర్రవారు స్వయముగ కట్టిన పాట - సమస్తమును ఇంటనే రికార్డయి, ఆ సాయంకాలమునకే అమెరికాలోని బంధువుల చెవిని బడుచున్నది. ఈ స్వాతంత్ర్యమును మేము మనసార అభినందించుచున్నాము.

అయినను ఇట్లు మా చెవిని బడుచున్న పాటలను విన్నప్పుడు రెండు విధములైన విచారము కలుగుచున్నది. కొన్నింటియందు పాట లేదు, పంకా యున్నది. హార్మోనియము గొంతును మ్రింగివేయును. గది గోడల ప్రతిధ్వని చరణమును పల్లవితో కలిపి ముద్దచేయును. మరికొన్నింటియందు మాట వినబడును గాని మనిషి వినబడడు. అవ్వ పాడినను మనుమరాలు పాడినను ఒక్కటే గాజుగొంతు! ఊపిరి లేదు, ఒరపు లేదు, ఊరు లేదు. మొదటిది మెరుగు లేమివలని దోషము. రెండవది మెరుగు మితిమీరుటవలని దోషము.

డెల్టావాసులకు ఈ విషయమును వివరించుటకు దూరము పోనక్కరలేదు. వడ్లను ఎవరును పొట్టుతో వండుకొనరు. దంచవలెను, చెరుగవలెను, రాళ్లేరవలెను. కాని మరలో వేసి మల్లెపూవువలె తెల్లబడువరకు పాలిషు పట్టించినచో పొట్టుతోబాటు తవుడును పోవును. తవుడుతోబాటు గింజలోని బలమును పోవును. పాటవిషయమునను ఇంతియే. మాట తేటపడువరకు మెరుగు పెట్టవలెను. మనిషి మాయమగుటకు ముందే చేయి ఆపవలెను. ఇదియే మా వాదము.

మిక్సింగు అను మాట క్రొత్తదిగాని పని ప్రాతది. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ గ్రామఫోను కొమ్ముముందు పాడినప్పుడు మైకు లేదు, మీటలు లేవు. 1925లో విద్యుత్తుతో రికార్డుచేయు పద్ధతి వాడుకలోనికి వచ్చువరకు లోకమంతటను అదియే రీతి. బిగ్గరగ మ్రోగు వాద్యమును దూరముగను, గొంతును కొమ్మునకు చేరువగను ఉంచెడివారు. ఎవరెచ్చట నిలువవలెనో నిర్ణయించుటయే నాటి మిక్సింగు.

మన పట్టణమున 1948 డిసెంబరు 1వ తేదీన రేడియో కేంద్రము ప్రారంభమైనది. ఆ కేంద్రపు భక్తిరంజని తెనుగునాట ఎన్ని యిండ్లను మేలుకొలిపెనో చెప్పనలవికాదు. ఓలేటి వేంకటేశ్వర్లుగారి గొంతును, శ్రీరంగం గోపాలరత్నముగారి గొంతును ఆ రేడియోలో విన్నవారెరుగుదురు: కాఫీహోటలు సందడినడుమ, చిన్న రేడియోపెట్టెలో సైతము అక్షరమక్షరము విడివిడిగ తెలియుచుండెడిది. ఆ తేటదనమునకు యంత్రబాహుళ్యము కారణము కాదు. ప్రతిధ్వనిని అణచిన గది, మైకునకును గాయకునకును నడుమ తగిన దూరము, వాద్యమును గొంతునకు లోబరచిన వివేకము - ఈ మూడే ముఖ్యములు. వీనిలో మన యింటికి రానిదేదియు లేదు.

మొదట గది సంగతి. నేటి యిండ్లకు రాతిపలకల నేల, నున్నని సిమెంటుగోడలు. మాట వాటిపై బడి పదిమార్లు తిరిగివచ్చును. గాయకుని వెనుకను ప్రక్కలను బొంతలు వ్రేలాడదీసినచో, పరుపునొకదానిని గోడకు నిలబెట్టినచో, చీరలున్న బీరువా తలుపులను తెరచియుంచినచో ఆ ప్రతిధ్వని చాలవరకు అణగును. బెజవాడ వైశాఖమున పంకా నాపుట తపస్సే; అయినను పాట నిలుచు నాలుగు నిమిషములకు ఆ తపస్సు చేయక తప్పదు. మైకు నోటికి ఒక జానెడు దూరమున, కొంచెము ప్రక్కకు వాలియుండవలెను. అట్లయిన ప, ఫ, భ అను అక్షరముల ఊపిరిదెబ్బ తిన్నగ దానికి తగులదు. గొంతు హెచ్చినప్పుడు కూడ మీటరు సున్నకు ఆరు డెసిబెళ్ల దిగువనే నిలుచునట్లు చూచుకొనవలెను. కొలత దాటి చెదిరిన స్వరమును పిదప ఏ యంత్రమును పూర్తిగ బాగుచేయజాలదు. గదిలో చేయవలసిన పనిని కంప్యూటరునకు వదలినవారికి పాలిషు మితిమీరక తప్పదు.

ఇక మిక్సింగు. ఇది చేర్చుటకంటె తీసివేయుట యని గ్రహించినవాడే నేర్పరి. గొంతును, హార్మోనియమును, మృదంగమును వేరువేరు వరుసలలో రికార్డుచేసినచో పని సులభమగును. గొంతు వరుసలో 80 హెర్ట్జుల దిగువనుండునది చాలవరకు వీధిలోని లారీల హోరే, దానిని కోసివేయవచ్చును. మృదంగమున ఆ కోత పనికిరాదు. ఎడమవైపు తొప్పి గాంభీర్యము ఆ ప్రాంతముననే యున్నది. 300 హెర్ట్జుల చుట్టును గదిమ్రోత పేరుకొని గొంతు బుంగలోనుండి వచ్చినట్లుండును. అచ్చట కొంచెము తగ్గించిన చాలును. హల్లుల స్పష్టత ముఖ్యముగ 2000 మొదలు 5000 హెర్ట్జుల నడుమ నున్నది. హార్మోనియమును ఆ తావుననే మ్రోగుచుండుటవలన మాట మరుగుపడును. అప్పుడు అందరును గొంతును పెంచుదురు. గొంతు పెరిగినకొలది వాద్యమును పెంచుదురు. తుదకు ఇది గట్టుతగవువలె ఎటును తెగదు. హార్మోనియమును ఆ తావున రెండుమూడు డెసిబెళ్లు వెనుకకు జరిపినచో గొంతు కదలకయే ముందునకు వచ్చును. హెచ్చుతగ్గులను సరిచేయు కంప్రెసరును మృదువుగ వాడవలెను. గుసగుసయు కేకయు ఒక్కటియైనచో భావమేది? గుడిమంటపపు మ్రోతను దెచ్చు రివర్బు పులుసులోని ఇంగువవంటిది. ఉన్నదని తెలియవలెను గాని అదియే రుచి కారాదు.

పని ముగిసిన పిమ్మట పరీక్ష యొకటి కలదు. న్యాయస్థానమున సాక్షి చెప్పినది గుమాస్తాకు స్పష్టముగ వినబడకున్న వాఙ్మూలము చెల్లదు. అట్లే, ఆ పాటను ముందెన్నడు వినని వారొకరిని పిలిచి, చిన్నఫోనులో ఒక్కమారు వినిపించి, మాటలను వ్రాయుమనవలెను. వారు వ్రాయగలిగినచో పాట తేటపడినది. వ్రాయలేకున్న, ఎంత మెరసినను ఆ పని చెడినట్లే.

ఇచ్చట కుర్రవారొక ఆక్షేపణ చేయుదురు: "లోకమంతయు నున్నని ధ్వనికి అలవాటుపడినది, మొరటు పాటను ఎవరు విందురు?" మొరటుతనమును మేమును కోరము. కాని ఆ నునుపు ఏ కొలతనుబట్టి వచ్చుచున్నదో విచారింపవలదా? రొదను తొలగించు సాధనములు పెక్కు మనిషి మాటలకై ఏర్పడినవి. ఎడతెగక ఒకే తీరున మ్రోగునదెల్ల వాటి లెక్కలో రొదయే. పంకా యెట్టిదో తంబురాయు వాటికట్టిదే! ఇంటివారు మీట నొక్కి, శ్రుతి సన్నగిల్లినదేమని పిదప విస్తుపోవుదురు. 1997లో అమెరికాలో వెలువడిన ఆటోట్యూను మరియొకటి. దానిని కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండుగారు అంతకుముందు చమురునిక్షేపములను వెదకుటకై భూగర్భమునుండి తిరిగివచ్చు ధ్వనులను లెక్కగట్టిన పండితుడు. ఆయన ప్రజ్ఞ సామాన్యము కాదు. కాని ఆ సాధనమును సామాన్యముగ వాడు తీరున స్థాయిని పన్నెండు సమభాగములుచేసి, నడుమ నిలిచిన స్వరమును దగ్గరి మెట్టునకు లాగివేయును. మన గమకము బ్రదుకునదే ఆ నడుమ! మువ్వగ్రామమున వెలసిన గోపాలుని ముద్రతో క్షేత్రయ్య రచించిన పదములను ఆ మెట్లమీద నడిపించినచో స్వరము మిగులును, నాయిక అలుక మిగులదు. ఒకటిరెండు చోట్ల జారిన స్వరమును చేతితో దిద్దుకొనుట తప్పుకాదు. కావలెనని ఆ యంత్రపుగొంతునే అలంకారముగ వాడు క్రొత్తపాటలు వేరు. అమ్మమ్మ హారతిపాటకు ఆ వేషమేల?

బిగ్గరతనముపై మోజును ఇట్టిదే. పొరుగువాని పాటకంటె తన పాట గట్టిగ మ్రోగవలెనని స్వరములనన్నిటిని ఒకే ఎత్తునకు నలుగగొట్టుదురు. ఐరోపా ప్రసారసంస్థల సమాఖ్యవారు 2010లోనే వినికిడి బిగ్గరతనమునకొక ప్రమాణమును నిర్ణయించిరి. నేడు పాటలను వినిపించు పెద్ద అంతర్జాలసంస్థలును హెచ్చు మ్రోతగల పాటను తామే తగ్గించి వినిపించుచున్నవి. కావున నలుగగొట్టినవానికి దక్కు గెలుపు లేదు. నలిగిన పాట మాత్రము నలిగియే యుండును.

ఇందులో కేవలము సొగసు ప్రశ్నయే యున్నచో ఇంత వ్రాయకపోవుదుము. ఆకుమళ్లలో నారు తీయునప్పుడును, చేలలో బారులుతీరి ఊడ్చునప్పుడును స్త్రీలు పాడుకొను పాటలు మన డెల్టాకు వ్రాయని పురాణములు. వెదసాగు, నాటుయంత్రములు ప్రబలినకొలది ఆ బారులు తగ్గుచున్నవి. పాడు సందర్భము తగ్గుచున్నది. పాడగల అవ్వల సంఖ్యయు తగ్గుచున్నది. ఆ పాట నేడు ఒక మనుమని ఫోనులో మాత్రమే నిలిచియుండవచ్చును. అతడు ప్రేమతోనే దానికి మెరుగుపెట్టి, మూలమును చెరిపివేసినచో, రేపు ఆ పాటను శోధింపగోరు పండితునకు మిగులునదేమి? దస్తావేజులతో జీవించువారమగుటచే మే మొక్క సంగతి నొత్తిచెప్పుచున్నాము. నకలు ఎంత అందముగ వ్రాసినను అసలు అసలే. రికార్డయిన మూలధ్వనిని ముట్టక వేరుగ భద్రపరుపవలెను. మెరుగులన్నియు ప్రతిమీదనే చేయవలెను. పాడినవారు సమ్మతించినచో వారి పేరు, ఊరు, తేదీ, పాడిన సందర్భము ఒక కాగితమున వ్రాసి దానితో జతపరుపవలెను. నేడు తోచిన మెరుగు రేపు వికారముగ కనబడవచ్చును. మూలమున్నచో మరల దిద్దుకొనవచ్చును.

ఈ విద్య కొందరి సొత్తుగ నుండరాదు. 1914లో ఈ బెజవాడలోనే ఆంధ్రదేశ గ్రంథభాండాగార ప్రతినిధుల మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారి కృషివలన పుస్తకము కొనలేనివానికిని చదువు అందుబాటులోనికి వచ్చినది. నాడు పఠనమందిరము చేసిన పనిని నేడు శ్రవణమందిరము చేయవలదా? ప్రతి పట్టణ గ్రంథాలయమునను ఒక నిశ్శబ్దమైన చిన్నగది, ఒక మంచి మైకు, ఒక కంప్యూటరు ఏర్పరచుట భారమైన పని కాదు. ఆడాసిటి వంటి సాధనము 2000వ సంవత్సరము మొదలు ఉచితముగ లభించుచున్నది. వారమున కొక సాయంకాలము తెలిసినవారు తెలియనివారికి నేర్పవచ్చును. బాలమురళీకృష్ణగారు తొలి ప్రిన్సిపాలుగ నుండిన సంగీతకళాశాల మన పట్టణమున కలదు. అచ్చటి విద్యార్థులు స్వరము నెరిగిన చెవిని తెత్తురు, కంప్యూటరు చదివిన కుర్రవారు మీటల నెరిగిన చేతిని తెత్తురు. ఈ రెండును ఒక బల్లవద్ద కలిసినప్పుడే మంచి మిక్సింగు కలుగును.

పఠనమందిరముల కార్యదర్శులారా! ఈ దాళ్వా ఊడ్పులకు ముందే ఒక గదిని సిద్ధపరుపుడు. యువకులారా! మీ యింటనున్న పెద్దల పాటను ఈ వారముననే రికార్డుచేయుడు. పంకా ఆపుడు, బొంత కట్టుడు, మూలమును దాచుడు, మాటను తేటపరుపుడు. పాలిషు సంగతి పిదప తీరికగ ఆలోచింపవచ్చును. పాడు గొంతు మాత్రము మన తీరికకై వేచియుండదు.