తూటా కన్నా ముందు పేరు

ఉద్దానంలో పాత లోగిళ్ళ అటకలు సర్దితే బయటపడే సరంజామా ఇంచుమించు ఒకటే. చిలుము పట్టిన ఇత్తడి గంగాళాలు, చెదలు కొట్టిన దస్తావేజులు, కాళ్ళు విరిగిన మందసాలు. ఎక్కడో ఒక ఇంట్లో మాత్రం పాతగుడ్డలో చుట్టిన రివాల్వరు. అటువంటిది చేతికందిన వారసుడు ముందుగా అడిగే ప్రశ్నను మా వైపు బంధువుల నోట నేనూ విన్నాను: "దీనికి ఏ తూటా పడతాది బావా?"

ప్రశ్న సహజమే. కానీ అది మూడవ ప్రశ్న కావాలని నా అభిప్రాయం. ఇది ఏ రివాల్వరు అన్నది మొదటిది. ఇది ఏ కాగితం మీద, ఎవరి చేతిలో ఉండేది అన్నది రెండవది. ఈ రెండింటికీ జవాబు దొరికితే తూటా పేరు దానంతట అదే తెలుస్తుంది. తూటాతో మొదలుపెడితే వేలు పోవచ్చు, కేసూ రావచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ వస్తువు చెప్పవలసిన కథ పోతుంది.

గుర్తింపు సంగతే చూద్దాం. తుపాకి మీద చెక్కిన పేరల్లా తయారుచేసినవారి పేరు కాదు. కలకత్తాలోని రోడా వంటి అంగళ్ళు తాము అమ్మిన ఆయుధాల మీద తమ పేరు వేయించుకునేవి. అది అంగడి ముద్ర మాత్రమే. పుట్టుక తెలియాలంటే పరీక్షా ముద్రలను చూడాలి. నక్షత్రంతో కూడిన కోడిగుడ్డు ఆకారంలో ఇ.ఎల్.జి. అనే అక్షరాలుంటే అది బెల్జియంలోని లియేజ్ నగరంలో పరీక్షకు నిలిచినది. కిరీటం కింద బి.పి., బి.వి. అని ఉంటే ఇంగ్లండులోని బర్మింగ్‌హాముది. ఇంగ్లీషు వెబ్లీలకు బెల్జియం వారు చేసిన నకళ్ళు లెక్కలేనన్ని. "మా తాతగారిది వెబ్లీ" అని చెప్పుకునే ఇళ్ళలో నిజంగా వెబ్లీ ఉన్నది ఎందరి దగ్గరో ముద్రలే చెప్పాలి.

ఇక తూటాల పేర్లు సామాన్యుణ్ణి మోసం చేయడానికే పుట్టాయా అనిపిస్తుంది. .38 అన్న అంకె ఒక్కటే అయినా, స్మిత్ అండ్ వెస్సన్ వారి పాత పొట్టి తూటా వేరు, 1898లో వచ్చిన .38 స్పెషల్ వేరు. పాతదాని గుండు వ్యాసం సుమారు .361 అంగుళాలు, స్పెషల్‌ది.358 అంగుళాలకు మించదు, పైగా దాని గొట్టం పొడవు ఎక్కువ. పేరులోని అంకె గుండు కొలత కానే కాదు. 1932లో బ్రిటిషు సైన్యం చేపట్టిన ఎన్‌ఫీల్డ్ రివాల్వరుకు సరిపోయేది మొదటి తరహాది. "థర్టీ ఎయిటే కదా" అనుకునే చోటే ప్రమాదం ఉన్నది.

అంతకన్నా పెద్ద ప్రమాదం మందులో ఉంది. పందొమ్మిదవ శతాబ్దపు రివాల్వర్లలో అధికభాగం నల్లమందు కోసం పోతపోసినవి. తరువాత వచ్చిన పొగలేని మందు పుట్టించే ఒత్తిడి తీరు వేరు. 1904 నుంచి బర్మింగ్‌హాములో కొత్త మందుతో పరీక్షించిన వాటికి ఎన్.పి. అన్న ముద్ర వేశారు. ఆ ముద్ర లేని పాత ఆయుధంలో, గదిలో చక్కగా ఇమిడిన తూటా సైతం సరైన తూటా కాకపోవచ్చు. ఇమడడం వేరు, తగడం వేరు. అందుకే ఇంట్లో కూర్చొని ఒక్కొక్కటే దూర్చి చూడడం పరీక్ష అనిపించుకోదు. అది ఖాళీయో కాదో తేల్చవలసినది కూడా పని తెలిసిన లైసెన్సుదారు గన్‌స్మిత్తో, పోలీసు ఆర్మరరో.

చట్టం దగ్గర తూటా పేరుకు మరో బరువున్నది. సైన్యపు .380 లేక .455 అంచు తూటాలను పేల్చగల రివాల్వర్లను 1962 నాటి ఆయుధ నియమాలు నిషిద్ధ కోవలో చేర్చాయి. అంటే తూటా ఏదో తేల్చడమంటే ఆయుధం ఏ కోవకు చెందుతుందో తేల్చడమే. "పాతదే కదా, లైసెన్సు అక్కరలేదు" అన్నది మన ఊళ్ళలో బాగా పాతుకుపోయిన అపోహ. 1959 నాటి ఆయుధ చట్టం 45వ సెక్షను పురాతన ఆయుధాలకు మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కానీ అది మరమ్మతు చేసినా, చేయకున్నా తుపాకిగా పనికిరానిదై ఉండాలి. వయస్సొక్కటే చాలదు. తాతగారి లైసెన్సు ఆయనతోనే పోతుంది. వారసుడు తన పేర దరఖాస్తు చేసుకోవాలి. 2019 సవరణ తరువాత వారసత్వంగా వచ్చినవాటితో కలిపి ఒకరికి రెండు ఆయుధాలకు మించి ఉండరాదు. తుపాకితో దొరికిన పాత తూటాలకూ లైసెన్సు కావాలి.

ఇక రెండవ ప్రశ్న. మన ప్రాంతంలో దీనికి జవాబు వెతకడం ఒక చిన్న చరిత్ర పాఠం. మందస, టెక్కలి ప్రాంతాలు 1936 వరకు గంజాం జిల్లాలోవి. ఒడిషా రాష్ట్రం ఏర్పడినప్పుడు అవి విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది. కాబట్టి 1878 నాటి చట్టం కింద ఇచ్చిన లైసెన్సు కాగితం మీద శ్రీకాకుళం పేరు కనబడకపోతే అనుమానించనక్కరలేదు. అది గంజాంలోనో, విశాఖలోనో పుట్టి ఉంటుంది. రివాల్వరు కన్నా ఆ కాగితమే విలువైనదని నేను అంటాను.

ఎందుకంటే మన జిల్లాలో తుపాకి ఊరికే గోడకు వేలాడిన వస్తువు కాదు. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు గున్నమ్మ బలి అయింది. 1967 అక్టోబరు 31న, అప్పటి మన జిల్లాలోనే ఉన్న లేవిడి వద్ద, గిరిజన సంఘం సభకు వెళుతున్న కోరన్న, మంగన్నలు భూస్వాముల మనుషుల కాల్పుల్లో చనిపోయారు. ఆ నిప్పు ఉద్దానానికీ పాకింది. బొడ్డపాడుకు చెందిన కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో హతుడయ్యాడు. ఒక ఇంటికి రక్షణగా తోచిన ఇనుము పక్కవీధికి భయంగా తోచిన కాలమది. తాతగారి రివాల్వరు ఒక్కసారైనా పేలలేదని ఇంట్లోవాళ్ళు గర్వంగా చెబుతారు. అది నిజమే కావచ్చు. పేలకుండానే పని జరిపించుకోవడం కూడా తుపాకి చేసే పనే. ఆ సంగతి పాలేర్ల ఇళ్ళలో అడిగితే తెలుస్తుంది.

"ఈ తలనొప్పంతా ఏల, జీడితోటలో గొయ్యి తీసి పూడ్చేస్తే సరి" అనేవారున్నారు. ఆ భయాన్ని నేను చులకన చేయను. అరవై తొమ్మిది, డెబ్భై నాటి గాలింపులు చూసిన తరం పోలీసు స్టేషను గడప తొక్కడానికి జంకడంలో వింత లేదు. కానీ పూడ్చినది ఎవరి పారకో, ఏ పిల్లవాడి చేతికో దొరకక మానదు. న్యాయవాదిని వెంటబెట్టుకొని స్టేషనులోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవడమే గౌరవమైన దారి. ఏ ఆయుధం చేతికి వచ్చిందో నమోదు చేయకుండా ధ్వంసం చేయరాదని అధికారులను అడిగే హక్కూ మనకున్నది. ముద్రల ఛాయాచిత్రాలు, సంఖ్య, పాత లైసెన్సు నకలు, ఇంటివాళ్ళు చెప్పిన రెండు పుటల కథ. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఆ రెండు పుటల్లో తాతగారి దర్జాతో పాటు, ఆ రివాల్వరుకు ఎవరు జడిశారో కూడా రాయండి. అది రాయగలిగిన వారసుడికి తూటా అవసరం ఉండదని నా నమ్మకం.