అంకె చిన్నదైతే వేగమా?

తెలుగు మేష్టారికి కంప్యూటరు గొడవ ఎందుకంటారా? ఇందులో వున్నది తాళం లెక్క. అందుచేత కొంచెం చొరవ చేస్తున్నాను.

ర్యామ్ పెట్టె మీద 3200, సీఎల్ 16 అని ఒకదానికి, 3600, సీఎల్ 18 అని మరొకదానికి రాసివుంటుంది. రెండూ డీడీఆర్4 జాతివే. 16 చిన్న అంకె కనుక అదే చురుకైనదని ఒక దుకాణదారు మా మేనల్లుడికి చెప్పి, ధర హెచ్చు అడిగాడట. పిల్లవాడు పరుగున నా దగ్గరకు వచ్చాడు.

సీఎల్ అంటే, సమాచారం కావాలని అడిగింది మొదలు జవాబు బయలుదేరేదాకా పడే దెబ్బల లెక్క. అది కాలం కాదు. మొదటి కాలంలో నాలుగు దెబ్బలు పడేలోపు రెండో కాలంలో ఎనిమిది పడవూ? అంకె రెట్టింపైనా గడిచిన సమయం ఒక్కటే. ఇక్కడా అంతే. ఈ జాతి దెబ్బకు రెండుసార్లు సమాచారం అందిస్తుంది గనుక 3200 దానికి సెకనుకు 160 కోట్ల దెబ్బలు, 3600 దానికి 180 కోట్లు. పదహారు అక్కడా, పద్ధెనిమిది ఇక్కడా - రెండూ సరిగ్గా 10 నానోసెకన్లే! సీఎల్‌ను 2000తో గుణించి, పెద్ద అంకెతో భాగిస్తే ఎవరికైనా తేలుతుంది. పైగా జవాబు మొదలయ్యాక 3600దే ధారాళం. మదర్‌బోర్డు, ప్రాసెసరు ఆ వేగాన్ని ఒప్పుకోవాలి సుమా. అదే 3200, సీఎల్ 22 అయితే 13.75 నానోసెకన్లు, అది నిజంగానే ఆలస్యం.

సీఎల్ పక్కన మరి మూడు అంకెలుంటాయి. సమాచారం అరల వరుసల్లో వుంటుంది. వరుస తెరవడానికి ఒక అంకె, మూయడానికి ఒకటి, తెరిచిన వరుసను కనీసం ఎంతసేపు వుంచాలో చెప్పేది ఇంకొకటి.

ఇంత చూసి కొన్నా, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే ఏర్పాటును ఎంచుకోకపోతే 3200 ర్యామ్ 2133 దగ్గరే బద్ధకంగా నడుస్తూ వుండవచ్చు. చాలామంది ఇళ్ళలో జరిగేది ఇదే. ఎంచుకోండి, అక్కడితో ఆగండి. కుర్రవాళ్ళు ఇంకా పిండుదామని ఆ అంకెలను చేత్తో తగ్గిస్తారు. యంత్రం లేవకపోతే అదృష్టమే, తప్పు వెంటనే తెలుస్తుంది. లేచి, పైకి బాగానే నడుస్తూ, లోపల ఒక అక్షరం బదులు మరొకటి అందిస్తేనే ప్రమాదం. పెళ్ళి ఫొటోలూ, జమాఖర్చులూ ఆ తప్పుతోనే డిస్కులోకి వెళ్ళి కూర్చుంటాయి. అంకె మార్చిన రాత్రి మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకోండి. తెల్లారేసరికి ఒక్క తప్పు కనిపించినా పాత అంకెలే పెట్టేయండి.