చంకలో బిళ్ళకూ రిపోర్టు కావాలి

రొమ్ములో గడ్డతోపాటు చంకలో బిళ్ళ కూడా తగిలితే ఇంట్లో వాళ్లు ముందు అడిగేది "పాకిందా?" అనే. పాకిందని డాక్టరు చెప్పగానే అందరూ డీలా పడిపోతారు. అక్కడ ఇంకొకటి అడగాలి: చంకకు చేరిన కణాలు, రొమ్ములో ఉన్నవి ఒకే రకమా?

చాలామందిలో ఒకే రకం. కొందరిలో కాదు. క్యాన్సర్ కణం విభజన చెందిన కొద్దీ జన్యువుల్లో కొత్త మార్పులు చేరుతుంటాయి. రొమ్ము గడ్డలో హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా లేదని తేలినా బిళ్ళలో ఉండొచ్చు. రొమ్ములో ఈస్ట్రోజన్ హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్ ఉండి, బిళ్ళలో లేకపోవచ్చు. హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు వాడుతున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టినప్పుడు ఈఎస్ఆర్1 జన్యువు మారి, కొన్ని మందులకు లొంగని కణాలు తలెత్తడం డాక్టర్లు తరచూ చూసేదే.

ఇక పాకే దారి సంగతి. జబ్బు రొమ్ము నుంచి చంకకు, చంక నుంచి ఒళ్లంతా వరసగా పాకుతుందని సర్జన్ హాల్‌స్టెడ్ కాలంలో నమ్మారు. అందుకే రొమ్మును ఛాతీ కండరాలతో సహా తీసేసేవారు. అంత కోత కోసినా ఆయుష్షు పెరగలేదని 1971లో సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ బృందం అమెరికాలో మొదలుపెట్టిన ట్రయల్ తేల్చింది. 2018లో స్వీడన్ పరిశోధకులు కణాల్లోని జన్యు మార్పులను బట్టి వాటి వంశవృక్షం గీశారు. దూరపు అవయవాలకు చేరినవి చాలావరకు చంక మీదుగా పోలేదు, రొమ్ము నుంచే వెళ్లాయి. అదే ఏడాది ఎలుకల్లో మాత్రం కణాలు బిళ్ళలోని రక్తనాళాల్లోకి దూరి ఊపిరితిత్తులకు చేరడం కనిపించింది. అంటే రెండు దారులూ ఉన్నట్టే.

ఏ దారిన పాకినా కణాల రకం మారి ఉండొచ్చు. అందుకే జబ్బు తిరగబెట్టినప్పుడు, సూది అందే చోటైతే, మళ్లీ ముక్క తీసి పరీక్షించాకే మందు మార్చాలని నేను గట్టిగా అంటాను. "సూది గుచ్చితే ఇంకా పాకుతుంది" అన్న భయంతో మన ఇళ్లలో ఎందరో ఒప్పుకోరు. ఆ భయానికి ఆధారం లేదు. పాత రిపోర్టునే నమ్ముకుంటే నష్టం పెద్దది. హెర్2 కొత్తగా బయటపడినవాళ్లకు పనికొచ్చే ట్రాస్టుజుమాబ్‌ను మన దేశంలోనే తయారుచేస్తున్నారు. పరీక్ష చేయించకపోతే ఆ మందు వాళ్ల దాకా రానేరాదు.

ఇంకో మాట. ఊరు మారి వేరే ఆస్పత్రికి వెళ్లేవాళ్లు స్కానింగులు, బిల్లులు అన్నీ సంచిలో పెట్టుకుంటారు. బ్లాకు మాత్రం పాత ల్యాబులోనే ఉండిపోతుంది. బ్లాకంటే చిన్న ప్లాస్టిక్ డబ్బీకి అంటుకున్న మైనం ముక్క, అంచున నంబరు, లోపల గోరంత కండ. దాంట్లోంచి పలచటి పొరలు కోసి కొత్త పరీక్షలు చేయొచ్చు, పాత గడ్డనూ కొత్త బిళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. రొమ్ముదీ చంకదీ రెండు బ్లాకులూ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఎండ తగలని చోట, వేడి లేనిచోట దాచండి.