మోటారు మోజు - మన చట్టము

చీపురుపల్లి కూడలిలో ఒక సాయంకాలము నిలుచుండి చూచినవారికి మోటారు వాహనముపై మన యువకులకు గల మక్కువ యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. రాజాము వైపునకు, గరివిడి వైపునకు, విజయనగరము వైపునకు పోవు కార్లను నిలిపి, ఏ టైరు మన్నునో, ఏ దీపము చక్కగ వెలుగునో, ఇంజను నూనె యెప్పుడు మార్చవలెనో ఒకరినొకరు అడిగి తెలిసికొనుచున్నారు. యంత్రమును వాడుటతో తృప్తిపడక దాని మర్మము నెరుగగోరుట జాతికి మేలే గాని కీడు కాదు. కాని యీ సలహాలన్నిటిలోను చట్టపు మాట యొక్కటి మాత్రము వినబడకుండుట మాకు విచారకరముగ నున్నది.

1939 నాటి మోటారు వాహనముల చట్టము పరాయి ప్రభుత్వపు కాలమున పుట్టినది. 1988 నాటి చట్టము మన పార్లమెంటు చేసినది. అనగా మనము చేసికొన్నది. దాని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమున నమోదైన తయారీదారుని నిర్దేశములకు విరుద్ధముగ వాహనమును మార్చరాదు. 2019 జనవరి 9వ తేదీన సుప్రీముకోర్టు ఈ విషయమునే మరల స్పష్టపరచినది. అంతమాత్రమున సమస్తమును నిషిద్ధమని భ్రమపడనక్కరలేదు. రంగు మార్చుకొనవచ్చును, ఆమోదము పొందిన గ్యాసు కిట్టు అమర్చుకొనవచ్చును, అంగవైకల్యము గలవారు తమకు అనువగునట్లు వాహనమును సవరించుకొనుటకును చట్టము దారి నిచ్చినది. అనుమతి పొంది, మార్పు చేసిన 14 దినములలో రవాణా కార్యాలయమునకు తెలిపి, పత్రమున నమోదు చేయించుకొనుటయే విధి.

మరి కూడనివి యెవ్వి? అద్దములకు నల్లని ఫిల్ము అంటించుటను సుప్రీముకోర్టు 2012 ఏప్రిల్ 27న నిషేధించినది. కారు ముందర బిగించు ఇనుప కమ్మీల గార్డు చట్టవిరుద్ధమని కేంద్రప్రభుత్వము 2017లో రాష్ట్రములకు తెలిపినది. పలు స్వరములతో మ్రోగు హారను, గుండెలదరజేయు సైలెన్సరు నిబంధనలకు విరుద్ధములు. ఆ యినుపగార్డు కారుకు కవచమని కొందరి నమ్మకము. అది తగిలిన పాదచారి యెముకలు విరుగును. గుద్దుకొన్నపుడు విచ్చుకొనవలసిన గాలిసంచుల పనికిని అడ్డు రావచ్చును. కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరనాడు బిడ్డలను చంకనెత్తుకొని నడచు తల్లుల నడుమ అట్టి వాహనమును నడపుట శౌర్యము కాదు. 2019 సవరణ ప్రకారము, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు మాసముల వరకు కారాగారము గాని, మార్పు ఒకటికి 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

చట్టమును ధిక్కరించుటయే మగతనమని తలచువారికి ఒక్కమాట. 1930లో ఉప్పు చట్టమును ఉల్లంఘించినవారు పట్టపగలు, పదిమంది యెదుట ఉల్లంఘించిరి. శిక్షను తలయెత్తి స్వీకరించిరి. తనిఖీనాడు పాత సైలెన్సరు బిగించి, మరునాడు మరల ఊడదీయువాని పని ధిక్కారము కాదు, దొంగతనము. అతడు ధిక్కరించునది పరాయి దొరను కాదు, తన యింటి ప్రక్కనున్న రోగి నిద్రను.

అయినను, తప్పంతయు యువకులపై మోపుట న్యాయము కాదు. నిబంధనలకు విరుద్ధముగ వాహనమును మార్చి అమ్మిన తయారీదారునకు, వ్యాపారికి ఏడాది వరకు శిక్షయో, వాహనమొకటికి లక్ష రూపాయల జరిమానాయో యీ చట్టమే నిర్దేశించుచున్నది. అయినను నిషిద్ధ వస్తువులు అంగళ్లలో బాహాటముగ వ్రేలాడుచుండగా, కొన్నవానిని రోడ్డుపై పట్టుకొనుట యేమి ధర్మము? ఏది కూడునో, ఏది కూడదో తెలుగున వ్రాసి ప్రతి మెకానిక్కు షెడ్డునందును, ప్రతి విడిభాగముల దుకాణమునందును పలకగా వ్రేలాడదీయించుట రవాణా శాఖకు తలకు మించిన పని కాదు. ప్రజల భాషలో చెప్పని చట్టము ప్రజల చట్టమగుట యెట్లు?

నిజమైన వాహనాభిమానము పోషణలో నున్నది. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటరులకు తగ్గరాదని నిబంధన; ఆ మేరకు అరిగిన టైరు వానలో నేలను విడుచును. గాలి పీడనమును బండి నడపకముందు, టైరు చల్లగ నున్నపుడే చూడవలెను. బ్రేకు ద్రవము తేమను పీల్చును గనుక దానిని కాలానుసారముగ మార్పింపవలెను. మట్టిరోడ్ల దుమ్ము గాలి ఫిల్టరును త్వరగ పూడ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఉత్తరాంధ్రను ముంచెత్తెను. అట్టి ముంపులో చిక్కిన కారు ఇంజనును పరీక్ష లేకుండ తిప్పరాదు. ఈ పనులకు అయ్యెడి వ్యయము ఇనుపగార్డు వెలతో పోల్చిన నెంత!

కావున యువకులు ఏ భాగము బిగించుటకు ముందైనను మూడు ప్రశ్నలు వేసికొందురు గాక: ఇది రిజిస్ట్రేషను పత్రమునకు భిన్నమా? అనుమతి పొందితిమా? బీమా సంస్థకు తెలిపితిమా? తెలుపని మార్పు, ప్రమాదమునాడు బీమా సంస్థకు పరిహారమును నిరాకరించుటకు సాకగును. ఈ మూడింటికి జవాబు చెప్పగలవాడే తోటివానికి సలహా ఇచ్చుటకు అర్హుడు. మెకానిక్కులు, డ్రైవర్లు, న్యాయవాదులు నెలకొక ఆదివారము కలిసికొని యీ విషయములను యువకులకు బోధించిన చాలును. స్వరాజ్యమనగా మన రోడ్డును మనమే కాపాడుకొనుట గదా!