మల్లుని బలమా, కథ బలమా?

పేరు మోసిన మల్లుడు తెరపై కనిపిస్తే చాలు, టెలివిజన్ రేటింగులు పెరుగుతాయని ప్రకటనదారుల విశ్వాసం. నాకు మాత్రం ఆ విశ్వాసం లేదు.

మొదట దారాసింగ్ సంగతి చూద్దాం. 1987 జనవరిలో దూరదర్శన్ 'రామాయణ్' ప్రసారం ఆరంభించేనాటికే ఆయన దేశమెరిగిన వస్తాదు. 1976లో 'బజరంగ్ బలి' చిత్రంలో హనుమంతుని పాత్ర ధరించినవాడు కూడా. అయితే కిష్కింధ ఘట్టం వచ్చేదాకా కథలో హనుమంతునికి పెద్దగా పని లేదు కదా! అంతవరకు ప్రతి ఆదివారం ఉదయం జనం ఎవరిని చూచి కూర్చున్నట్టు? 2020 లాక్‌డౌన్‌లో ఆ ధారావాహిక పునఃప్రసారమైనప్పుడు, ఏప్రిల్‌లో ఒకేరోజు 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. అప్పటికి దారాసింగ్ గతించి 8 ఏండ్లు కావస్తున్నది. జనాన్ని కూర్చోబెట్టినది కథ. గడప దాటరాని రోజులు దానికి తోడైనాయి.

ఇక రెండవ ఉదాహరణ జిందర్ మహల్. గెలుపోటములు ముందే నిర్ణయమయ్యే అమెరికా డబ్ల్యుడబ్ల్యుఇ సంస్థ, కెనడాలో పుట్టిన ఈ పంజాబీ మల్లునికి 2017 మే నెలలో కిరీటం పెట్టింది. భారత ప్రేక్షకులపై ఆ సంస్థకు గల ఆశ దాగనిది. కాగా అదే సంవత్సరం డిసెంబరులో ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియంలో ప్రదర్శన జరగడానికి నెల ముందే ఆ కిరీటం తీసివేసింది. కిరీటం కాసులు రాల్చి ఉంటే వ్యాపారి దానిని అంత సులభంగా వదులుకుంటాడా?

అసలు కుస్తీ మాటేమిటి? 2015లో మొదలైన ప్రో రెజ్లింగ్ లీగ్‌లో సాక్షి మలిక్, బజరంగ్ పునియా వంటి మేటి మల్లులు పాల్గొన్నారు. అయినా 2019 తరువాత అది ఏండ్ల తరబడి నిలిచిపోయింది. కరోనా ఒక కారణం కావచ్చు; తారలున్నంత మాత్రాన పోటీ నిలవదన్నది మాత్రం స్పష్టం.

రేటింగు యంత్రం కొన్ని ఇండ్లలో ఏ ఛానల్ పెట్టారో చెబుతుంది. ఎందుకు పెట్టారో చెప్పదు. ఆ 'ఎందుకు'ను తారల ఖాతాలో వేసుకోవడం సులభం. నష్టపోయేది మాత్రం ఢిల్లీ, హర్యానా అఖాడాలలో తెల్లవారకముందే మట్టి తవ్వే కుర్రవాడు. 2023లో మహిళా మల్లులపై లైంగిక వేధింపుల ఆరోపణల విషయంలో చర్య కోరుతూ సాక్షి, బజరంగ్ జంతర్ మంతర్ వద్ద కూర్చున్నప్పుడు వారాల తరబడి వారి ముఖాలు తెరపై ఉన్నాయి. వారి ఆట లేదు.

తార ప్రేక్షకుణ్ణి గుమ్మం దాకా తేగలడు. లోపల కూర్చోబెట్టవలసినది ఆట. దూరదర్శన్ జాతీయ పోటీలను నిర్ణీత వేళకు, ఏ పట్టుకు ఎన్ని పాయింట్లో ప్రాంతీయ భాషలలో వివరిస్తూ చూపనీయండి. అప్పుడు తారలను వెతుక్కోనక్కరలేదు; వారే పుట్టుకొస్తారు.